హెడ్‌లైనర్లు చెట్లకి కాయరు మహాశయా!

"ఇప్పుడు కొత్త బ్యాండ్లెక్కడున్నాయండీ? కోల్డ్‌ప్లేతో ఆఖరు." ఈ మాట మా ఆఫీసు క్యాంటీన్లో వారానికొకసారైనా వినపడుతుంది. అనేవాళ్ళు సంగీతమంటే తెలియని అమాయకులా అంటే కాదు. కాలేజీలో మెటాలికా టీషర్టు చిరిగేదాకా తొడిగినవాళ్ళు, 2025 జనవరిలో సెలవు పెట్టి అహ్మదాబాద్ దాకా వెళ్ళి కోల్డ్‌ప్లేని చూసొచ్చినవాళ్ళు. ఆ టిక్కెట్ల కోసం ముందటేడు సెప్టెంబరులో ఆన్‌లైన్ క్యూలో లక్షల మంది వెనకాల నిలబడి, "సర్వర్ని ఇలాగేనా స్కేల్ చేసేది" అని తిట్టుకున్న వాళ్ళు కూడా వీళ్ళే.

సదరు మిత్రులకి నా జవాబు ఒకటే. బ్యాండ్లు ఉన్నాయి బాబూ. వినడం మానేసింది మీరు.

ముందు పాత లెక్క చూద్దాం. పెద్ద పండగంటే గ్లాస్టన్‌బరీ కాబట్టి అక్కడే మొదలెడదాం. కోల్డ్‌ప్లే మొదటి ఆల్బమ్ 'పారాచూట్స్' వచ్చింది 2000లో. 2002 జూన్‌కల్లా వాళ్ళు పిరమిడ్ స్టేజీ మీద హెడ్‌లైనర్లు. అప్పటికి రెండో ఆల్బమ్ ఇంకా బజార్లోకి రానేలేదు! ఆర్కిటిక్ మంకీస్ మొదటి ఆల్బమ్ 2006 జనవరి, హెడ్‌లైనింగ్ 2007 జూన్. అంటే ఏడాదిన్నర. ఇప్పుడు ఇటు చూడండి. 'ద 1975' అనే బ్యాండు మొదటి ఆల్బమ్ 2013లో వస్తే ఆ స్టేజీ మీద ఆఖరి పాట పాడే అవకాశం 2025లో దక్కింది. పన్నెండేళ్ళు! మరుసటి రాత్రి హెడ్‌లైనర్ ఎవరయ్యా అంటే ఎనభైకి దగ్గర పడ్డ నీల్ యంగ్. (ఆయనంటే నాకు భక్తే, మాట దారి తప్పించకండి.) 2024లో కోల్డ్‌ప్లే వచ్చింది ఐదోసారి. అమెరికా వైపు కోచెల్లా 2026 హెడ్‌లైనర్లు సబ్రీనా కార్పెంటర్, జస్టిన్ బీబర్, కరోల్ జి. ముగ్గురూ సోలో గాయకులే, ఒక్క బ్యాండు లేదు.

దీన్ని చూపించి "చూశావా, బ్యాండ్ల పని అయిపోయింది" అంటారు మావాళ్ళు. మన ప్రాజెక్టుల్లో చూడమూ? ప్రతి రిలీజుకీ ఆ ఒక్క సీనియర్నే కూర్చోబెడతాడు మేనేజరు. మూడేళ్ళయ్యాక "జూనియర్లలో ఎవరికీ ప్రొడక్షన్ అనుభవం లేదండీ" అని పెదవి విరుస్తాడు. ఇవ్వకపోతే ఎలా వస్తుంది అనుభవం? పండగల నిర్వాహకులు చేస్తున్నదీ అదే. 2002లో రెండో ఆల్బమ్ రాని కుర్రాళ్ళ మీద పందెం కాసిన గుండె ధైర్యం ఇప్పుడు లేదు.

ఇంకో కారణం కింద మెట్లు విరిగిపోవడం. బ్యాండు ముందు వందమంది పట్టే పబ్బులో వాయించాలి, తర్వాత ఐదొందల మంది హాల్లో, తర్వాత రెండు వేలు. గంటన్నర సేపు లక్షమందిని పట్టి ఉంచే విద్య యూట్యూబులో రాదు, ఆ మెట్ల మీదే వస్తుంది. బ్రిటన్లో ఒక్క 2023లోనే ఇలాంటి చిన్న వేదికలు 125 దాకా పోయాయని వాటి తరఫున పనిచేసే మ్యూజిక్ వెన్యూ ట్రస్ట్ లెక్క తేల్చింది. సోలో గాయని అయితే ఇంట్లో లాప్‌టాప్ ముందు కూర్చుని పాట చేసుకోగలదు. నలుగురున్న బ్యాండుకి వ్యాను కావాలి, డ్రమ్ములు మోయాలి, వచ్చిన డబ్బు నాలుగు వాటాలెయ్యాలి. కోల్డ్‌ప్లే వాళ్ళని ఇక్కడ మెచ్చుకోవాలి, 2025లో వాళ్ళ బ్రిటన్ కచేరీల రాబడిలో తమ వాటా నుంచి పది శాతం ఆ ట్రస్టుకే ఇస్తామన్నారు. ఎక్కొచ్చిన నిచ్చెన గుర్తుంది వాళ్ళకి.

సరే, పేర్లు చెప్పమంటారు కదా. చెప్తాను, రాసి పెట్టుకోండి.

నా మొదటి పందెం ఫాంటెయిన్స్ డి.సి. డబ్లిన్ కుర్రాళ్ళు, కవిత్వం పిచ్చితో కలిసినవాళ్ళు. 2019 నుంచి 2024 దాకా నాలుగు ఆల్బములు, ఏ రెండూ ఒకలా ఉండవు. మొదటిదాంట్లో డబ్లిన్ వీధుల్లో నిలబడి కేకలేసినట్టుంటారు. మూడోది 'స్కింటీ ఫియా' బ్రిటన్ చార్టులో మొదటి స్థానం కొట్టింది. నాలుగోది 'రొమాన్స్'కి వచ్చేసరికి అందులో వేలమంది గొంతు కలిపే పాటలున్నాయి. హెడ్‌లైనర్‌కి కావలసింది అదే కదా, ఒక్క హిట్టు కాదు, గంటన్నరకి సరిపడా పాటలు. 2024లో గ్లాస్టన్‌బరీలో పార్క్ స్టేజీకి హెడ్‌లైనర్లు. 2025 జులైలో లండన్ ఫిన్స్‌బరీ పార్కులో నలభై వేల పైచిలుకు జనం ముందు వాళ్ళదే పెద్ద పేరు. మెట్లు ఒక్కటీ దాటెయ్యకుండా ఎక్కారు.

రెండోది టర్న్‌స్టైల్. బాల్టిమోర్ హార్డ్‌కోర్ బ్యాండు, 2010 నుంచీ ఉన్నారు. 2021లో 'గ్లో ఆన్' వచ్చేదాకా బయట ప్రపంచానికి పెద్దగా పట్టలేదు. 2025లో కొత్త ఆల్బమ్‌కి ముందు ఏం చేశారో తెలుసా? సొంత ఊళ్ళో పార్కులో ఉచితంగా కచేరీ పెట్టి, ఇల్లు లేనివాళ్ళ వైద్యం కోసం విరాళాలు పోగుచేశారు. ఆ వీడియో చూడండి. జనం స్టేజీ మీద ఉన్నారో, బ్యాండు జనంలో ఉందో తెలియదు.

"మెటల్ చచ్చింది" అనేవాళ్ళకి స్లీప్ టోకెన్. ముసుగులేసుకుని, పేర్లు చెప్పకుండా వాయించే వీళ్ళ మొదటి పూర్తి ఆల్బమ్ 2019, డౌన్‌లోడ్ పండగలో హెడ్‌లైనింగ్ 2025. అదీ గ్రీన్ డే, కోర్న్‌ల పక్కన. ఇచ్చి చూస్తే నిలబెట్టుకుంటారనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి? వాళ్ళ సంగీతం నాకు మరీ అంత ఎక్కదు, అది వేరే విషయం.

వెట్ లెగ్ మీద నాకు ఆశ ఉంది. ద లాస్ట్ డిన్నర్ పార్టీ మీద సగం ఆశ. ఒక్క పాటా విడుదల చెయ్యకముందే 2022లో రోలింగ్ స్టోన్స్‌కి ముందు హైడ్ పార్కులో వాయించారు వీళ్ళు. "కంపెనీలు పెంచిన మొక్క" అని వాళ్ళని ఆడిపోసుకోవడం అన్యాయమే గానీ, పాటలు ఇంకా కావాలి. న్యూయార్క్ గీస్ గురించి విమర్శకులు ఊగిపోతున్నారు, నేను ఇంకో రెండేళ్ళు ఆగుతాను.

ఇక మన ఇంటి సంగతి. లొలాపలూజా ఇండియా 2023లో ముంబైలో మొదలైంది. ఇమాజిన్ డ్రాగన్స్, స్ట్రోక్స్, స్టింగ్, జోనాస్ బ్రదర్స్, గ్రీన్ డే, షాన్ మెండిస్, 2026లో లింకిన్ పార్క్. పోస్టరు మీద పెద్దక్షరాలన్నీ బయటివాళ్ళవే. ఢిల్లీ బ్యాండు బ్లడీవుడ్ 2019లో జర్మనీ వెళ్ళి వాకెన్‌లో వాయించొచ్చింది. ఏ పెద్ద కంపెనీ అండా లేకుండా 2022లో 'రక్షక్' ఆల్బమ్ వేసుకుంది. డోలు, గిటారు, హిందీ, పంజాబీ అన్నీ కలిపి యూరప్ వాళ్ళని గెంతించింది. వీళ్ళ పేరు పోస్టరు పైవరసలో వెయ్యడానికి ఇంకా ఏ సర్టిఫికెట్ కావాలి?

తెలుగు గురించి అడక్కండి అనబోయాను గానీ, అడగాల్సిందే. హైదరాబాద్ బ్యాండు చౌరస్తా ఉంది. 2020లో కోవిడ్ మీద వాళ్ళు చేసిన పాట వాట్సాప్‌లో పంపని చుట్టం లేడు. అందులోని రామ్ మిరియాల తర్వాత సినిమాలకి వెళ్ళాడు, 2021లో 'జాతిరత్నాలు' చిట్టి పాటతో అందరికీ తెలిశాడు. వెళ్ళడం తప్పు కాదు, పొట్టకూడు అక్కడుంది. "సినిమా ఉన్నచోట బ్యాండు బతకదు" అనే వాదన మాత్రం నేనొప్పుకోను. కేరళలో సినిమాల్లేవా? తైక్కుడం బ్రిడ్జ్ మొదలెట్టిన వాళ్ళలో ఒకడైన గోవింద్ వసంతే తమిళ '96'కీ, మన 'జాను'కీ సంగీతం ఇచ్చాడు. బ్యాండూ నడిచింది.

తేడా ఎక్కడుందంటే వినేవాళ్ళలో. శుక్రవారం రాత్రి గచ్చిబౌలి పబ్బుల్లో ఎవరుంటారు? మనమే. కుర్రాళ్ళు పాపం గిటారు సర్దుకుని సొంత పాట ఎత్తుకోగానే "బాస్, ఏదన్నా సినిమా పాట కొట్టు" అని అరిచేదీ మనమే. కోల్డ్‌ప్లే కోసం విమానం, హోటలు కలిపి అరలక్ష ఖర్చు పెట్టినవాడు ఇక్కడ మూడొందల ఎంట్రీ అనగానే "మూడొందలా? ఎవరు వాళ్ళు?" అని వెనక్కి తిరుగుతాడు. ఆ తర్వాత సోమవారం క్యాంటీన్లో మళ్ళీ అదే పాట, కొత్త బ్యాండ్లెక్కడున్నాయండీ అని.

2026లో గ్లాస్టన్‌బరీ లేదు, పొలానికి విశ్రాంతి. అక్కణ్ణుంచి ఐదేళ్ళు గడువు పెట్టుకుందాం. ఈలోగా ఫాంటెయిన్స్ డి.సి. పిరమిడ్ స్టేజీకి హెడ్‌లైనర్ కాకపోతే మా టీమంతటికీ బిర్యానీ నాది. బ్లడీవుడ్ సంగతి మీద కూడా పందెం కాస్తాను, కాకపోతే అది గెలవాలంటే మీరూ టిక్కెట్లు కొనాలి.