తల్లిదండ్రులను పిలిచి మూగవారిని చేయుటయా?

కౌమార వయస్సున నున్న బాలబాలికలను వారి తల్లిదండ్రులతో జతగా కూర్చుండబెట్టి ప్రశ్నోత్తర పోటీ జరుపుట మెచ్చదగిన యోచన. ఒక విశ్వవిద్యాలయము వారు అట్టి పోటీని ఏర్పరచి, హోసూరు, కృష్ణగిరి ప్రాంతముల కుటుంబములను గూడ ఆహ్వానించిరి. ఆహ్వానమునకు కృతజ్ఞులము. కాని అచ్చట ప్రశ్నలన్నియు ఆంగ్లమున, అక్కడక్కడ తమిళమున మాత్రమే వినవచ్చినవి. మన తల్లులు బిడ్డల ప్రక్కన రెండు గంటలు మౌనముగా కూర్చుండి లేచి వచ్చిరి. తన తల్లికి ఏమియు తెలియదని పదునాలుగేండ్ల బిడ్డకు నిండు సభలో నేర్పుటకేనా ఇంత యేర్పాటు?

నిర్వాహకుల నడుగగా, “జ్ఞానమునకు భాష లేదు” అని సెలవిచ్చిరి. జ్ఞానమునకు లేకపోవచ్చును, ప్రశ్నకు కలదు గదా! కొనవచ్చినవానికి తెలియని భాషలో ధర చెప్పి, వాడు కొనలేదని నిందించువాడు ఎన్నాళ్లు అంగడి నడపగలడు?

ఇందు విశ్వవిద్యాలయము వారిది కాని దోషము మరియొకటి కలదు. 2006వ సంవత్సరపు తమిళ అభ్యసన చట్టము వలన 2006-07 మొదలుకొని, ఒకటవ తరగతితో ప్రారంభించి ఏటేట ఒక్కొక్క తరగతికి, తమిళము నిర్బంధ భాషయైనది. మాతృభాష ఐచ్ఛికముగా మిగిలినది. వ్యాజ్యములు నడచినవి, పదవ తరగతి పరీక్షలో భాషాల్పసంఖ్యాకులకు కొన్ని యేండ్లు మినహాయింపులును దొరకినవి. అయినను నేటి మన బాలుడు పుట్టుటకు ముందే ఆ చట్టము పుట్టినది. తల్లి తెలుగు బడిలో చదివినది. కొడుకు తమిళము, ఆంగ్లము చదువుచున్నాడు. ఇంట పలుకు తెలుగు ఒక్కటియే, కాని తల్లి వ్రాసిపెట్టిన చీటీని కొడుకు చదువలేని యిండ్లు మన వీథులలో ఎన్ని లేవు? ఇట్టి ఇంటివారిని జతగా పిలిచినప్పుడు, ఆ యిద్దరికిని ఉమ్మడియైన ఆ ఒక్క భాషనే విడిచిపెట్టుట ఎంత విపరీతము!

తమిళముపై మనకు ద్వేషము లేదు. ఈ సంతలలో తరతరములుగా ఆ భాషలో బేరములాడియే బ్రదికినవారము. ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతి కల్పింపవలయునని 1956లో రాజ్యాంగమున చేర్చిన 350-ఎ అధికరణము చెప్పుచున్నది. అది పోటీలకు వర్తింపదని ఎవరైన వాదింతురేమో! మేము న్యాయస్థానమునకు పోవుటలేదు, మర్యాద నడుగుచున్నాము.

క్విజ్ అను వేడుక ఆంగ్లమునకే చెల్లునను భ్రమ కొందరికి కలదు. 1967లో కలకత్తాలో నీల్ ఓబ్రయన్ గారు నడపిన పోటీని మన దేశపు తొలి బహిరంగ క్విజ్‌గా చెప్పుదురు. అది ఆంగ్లమున సాగినది గనుక ఆ వాడుకయే నిలిచినది. ఎనమండుగురు పృచ్ఛకులు చుట్టును జేరి అడుగుచుండ ఒక్కడు ధారణతో బదులిచ్చు అష్టావధానము గల జాతికి ప్రశ్నోత్తర సభ క్రొత్తయా? పొడుపుకథ విప్పలేక అవ్వ చేత చీవాట్లు తినని వాడు మనలో ఎవడు?

చేయవలసినది కష్టమైనది కాదు. ప్రతి ప్రశ్నను తమిళమునను, తెలుగునను, కన్నడమునను బిగ్గరగా చదువుడు. కొన్ని ప్రశ్నలు జత కలిసి ఆలోచించినగాని తేలనివిగా నుండవలయును. “కెలవరపల్లి, కృష్ణగిరి ఆనకట్టలు రెండును ఏ నదిపై నున్నవి?” అని అడుగుడు. బిడ్డ తెన్‌పెణ్ణై యనును, తల్లి దక్షిణ పినాకిని యనును. ఇద్దరికిని మార్కు లీయుడు. “మణుగునకు వీసె లెన్ని?” అని అడిగినచో బిడ్డకు తోచదు, ఇంటి తాతగారి కాలపు లెక్క తెలిసిన తల్లి ఎనిమిదని చెప్పును. ఆ క్షణమున బిడ్డ తల్లి వంక చూచు చూపునకై ఎన్ని బహుమతులైన ఈయవచ్చును. 1997లో ద్రావిడ భాషల కొరకే కుప్పమున వెలసిన ద్రావిడ విశ్వవిద్యాలయము మనకు పొరుగుననే యున్నది. ఇట్టి పోటీని వారు మన సరిహద్దు కుటుంబముల కొరకు ఏల జరుపరాదు? వారినిగూడ అడుగుదము.

మనవారిని ఒక మాట యనక తప్పదు. బిడ్డ ఆంగ్లమున బహుమతి గెలిచినచో వీథియెల్ల మిఠాయి పంచువారు, వానికి ఓనమాలు దిద్దించుటకు రోజునకు అరగంట లేదందురు. అట్టివారు విశ్వవిద్యాలయమును నిందించుటకు ముందు ఒక పలక కొనవలయును.

విశ్వవిద్యాలయమునకు పంపవలసిన విజ్ఞప్తి సంఘ కార్యాలయమున సిద్ధముగా నున్నది. పోటీకి పోయివచ్చిన తల్లిదండ్రులు తప్పక వచ్చి సంతకములు చేయుడు. వచ్చునప్పుడు ఒక్కొక్కరు తెలుగున ఒక ప్రశ్నను, దాని జవాబును కాగితముపై వ్రాసి తెండు. వానిని విజ్ఞప్తికి జతపరచి పంపుదుము.