పల్నాడు రాయి ఢిల్లీలో ఏం చెబుతుంది?

ఊరి నుంచి ఎవరొచ్చినా జన్‌పథ్‌లోని నేషనల్ మ్యూజియంకి తీసుకెళ్లడం మా ఇంట్లో అలవాటు. ఈమధ్య మాచర్ల నుంచి మా మేనల్లుడు వచ్చాడు. ఇళ్లకు బండలు పరిచే పనులు చేయిస్తుంటాడు. హరప్పా గ్యాలరీలో పది నిమిషాలు కూడా నిలబడలేదు గానీ నాగార్జునకొండ శిల్పం దగ్గరికి రాగానే ఆగిపోయాడు. "మామయ్యా, ఇది మన నాపరాయే గదా!" అన్నాడు. ఆ వెంటనే రెండు ప్రశ్నలు వేశాడు. అక్కడి రాయి ఇక్కడికెట్లా వచ్చింది? మూడో శతాబ్దానిదని ఎట్లా తెలుసు?

మన దేశంలో మ్యూజియం లేబుల్ సాధారణంగా ఈ రెండు ప్రశ్నల జోలికి వెళ్లదు. వస్తువు పేరు, దొరికిన చోటు, కాలం, ఏ పదార్థంతో చేశారు అన్నదీ చెప్పి ఊరుకుంటుంది. అంటే ఫలితం చెప్పి, పద్ధతి దాచిపెట్టినట్టు. పదో తరగతి లెక్కల పేపర్లో అలా రాస్తే మార్కులు కోస్తారు.

ఇప్పుడు ఈ మాట ఎత్తడానికి కారణం ఉంది. నేషనల్ మ్యూజియం సంపదను నార్త్ బ్లాక్, సౌత్ బ్లాక్ భవనాల్లో రూపొందించే 'యుగే యుగీన్ భారత్' మ్యూజియంలోకి చేర్చాలన్న ప్రణాళికను 2023లో ప్రకటించారు. 1949 ఆగస్టు 15న రాష్ట్రపతి భవన్‌లో మొదలై, 1960 డిసెంబరులో ఇప్పటి భవనంలోకి వచ్చిన ఈ సంస్థ దగ్గర దాదాపు రెండు లక్షల వస్తువులున్నాయి. ఇంత సంపద ఇల్లు మారడమంటే ప్రతి వస్తువునూ చేతిలోకి తీసుకుని, మళ్లీ చూసి, మళ్లీ నమోదు చేయాల్సిన సందర్భం. ఇలాంటి అవకాశం తరానికోసారి కూడా రాదు.

మేనల్లుడి మొదటి ప్రశ్నకు జవాబు కృష్ణా నది అడుగున ఉంది. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఆనవాళ్లు 1926లో బయటపడ్డాయి. మరుసటి ఏడాది లాంగ్‌హర్స్ట్ తవ్వకాలు మొదలుపెట్టారు. 1955 డిసెంబరులో నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది. అప్పటికే లోయ మునిగిపోతుందని తెలుసు కాబట్టి, ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో 1954 నుంచి 1960 దాకా కాలంతో పోటీపడి తవ్వారు. రాతియుగపు పనిముట్ల నుంచి విహారాల దాకా ఎన్నో దొరికాయి. కొన్ని కట్టడాలను రాయికి రాయి విప్పి కొండ మీదికి, గట్టు మీదికి తరలించారు. శిల్పాల్లో కొన్ని ఢిల్లీకి చేరాయి. నీళ్లు నిండాక ఇక ఆ చోటును మళ్లీ తవ్వలేం. కొత్త అనుమానం వస్తే అడగడానికి మనకు మిగిలినవి ఆ వస్తువులు, ఆనాటి నోటు పుస్తకాలు, ఫొటోలు, పటాలు మాత్రమే. ఏ శిల్పం ఏ పొరలో, ఏ గోడ పక్కన, వేటితో కలిసి దొరికిందన్న సమాచారం నుంచి విడిపోతే అది అందమైన బొమ్మగానే మిగిలిపోతుంది.

రెండో ప్రశ్న ఇంకా ఆసక్తికరం. రాయికి కార్బన్ డేటింగ్ చేసి శిల్పం వయసు చెప్పలేం. ఒకప్పుడు ప్రాణమున్న పదార్థంలో, అంటే బొగ్గు, గింజలు, ఎముకల్లో కార్బన్-14 ఎంత మిగిలిందో కొలిచే పద్ధతి అది. 5,730 ఏళ్లకోసారి ఆ కార్బన్ సగమవుతుంది. సున్నపురాయి భూమిలో కోట్ల ఏళ్ల క్రితమే ఏర్పడింది, శిల్పి ఉలి పెట్టింది నిన్నగాక మొన్న. అందుకే నాగార్జునకొండ శిల్పాల కాలాన్ని శాసనాల లిపి, రాజుల పాలనా సంవత్సరాలు, దొరికిన నాణేలు, శిల్పశైలి అన్నీ కలిపి లెక్కగడతారు. రాయి ఏ గనిదో తేల్చాలంటే మాత్రం ప్రయోగశాలకే వెళ్లాలి. వెంట్రుకకన్నా పల్చగా కోసిన రాతి పొరను సూక్ష్మదర్శిని కింద చూస్తారు, కార్బన్, ఆక్సిజన్ ఐసోటోపుల నిష్పత్తి కొలుస్తారు. మా వాడు కంటితోనే పట్టేశాడనుకోండి, అది వృత్తి నేర్పిన విద్య.

ఇక్కడ 'ప్రపంచ సంస్కృతులు' అన్న మాట గుర్తొస్తుంది. అవి చూడాలంటే లండనో పారిసో వెళ్లాలని చాలామంది అనుకుంటారు. నాగార్జునకొండలో బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనం చదివితే ఆ అభిప్రాయం మారుతుంది. ఆమె చైత్యగృహం కట్టించింది సింహళ ఆచార్యుల కోసం. వారి ధర్మప్రచారం అందుకున్న దేశాల పేర్లు అందులో వరసగా ఉన్నాయి: కశ్మీర్, గాంధార, చీనా, తోసలి, వంగ, వనవాసి, యవన, తమిళ దేశం... పల్నాటి లోయలో 1,700 ఏళ్ల కిందట ఒక స్త్రీ ఇచ్చిన దానపత్రమది. ఇలాంటి పాఠాన్ని తెలుగులో, హిందీలో గోడ మీద రాసి, పక్కన ఒక పటం పెట్టడానికి ఎంత ఖర్చవుతుంది?

అమరావతి కథ ఇంకోరకం. 1790ల చివర్లో కాలిన్ మెకంజీ అక్కడికి వెళ్లేటప్పటికే స్తూపపు రాళ్లు ఊళ్లో నిర్మాణాలకు పోతున్నాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన ఫలకాలు మద్రాసుకు, వాటిలో చాలా భాగం 1859లో లండన్‌కు వెళ్లాయి. వాటిని 'ఇలియట్ మార్బుల్స్' అన్నారు గానీ అవి పాలరాళ్లు కావు, మన సున్నపురాళ్లే. లండన్ వాతావరణంలో కొన్ని దెబ్బతిన్నాయి. మద్రాసులో సిమెంటుతో గోడలో పొదిగిన ఫలకాల్లోకి లవణాలు చేరి, స్ఫటికాలుగా గట్టిపడి, రాయిని పొరలు పొరలుగా రాల్చాయి. దేశం దాటినవే పాడయ్యాయని గానీ, ఇంట్లో ఉన్నవి భద్రమని గానీ అనుకోలేం. ఒకే స్తూపం ముక్కలు ఇప్పుడు అమరావతి, చెన్నై, కోల్‌కతా, ఢిల్లీ, లండన్, పారిస్‌లలో ఉన్నాయి. వాటన్నిటినీ త్రీడీలో స్కాన్ చేసి ఒక్క తెర మీద జోడించడం ఇవాళ పెద్ద విద్యేమీ కాదు. వెనక్కి ఇవ్వాలా వద్దా అన్న వాదన నడుస్తూనే ఉంటుంది, ఉండాలి కూడా. స్కానింగ్ దాని కోసం ఆగనక్కర్లేదు.

నమోదు విలువ ఎంతో చందవరం చెప్పింది. ప్రకాశం జిల్లాలోని ఆ బౌద్ధ స్థలం నుంచి మాయమైన సున్నపురాతి ఫలకాన్ని ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ 2005లో కొన్నది. అది చందవరంలో ఉన్నప్పటి ఫొటో బయటపడింది. 2016లో ఫలకం మన దేశానికి తిరిగొచ్చింది. ఆ ఫొటో లేకుంటే మనం ఏం చూపించి అడిగేవాళ్లం?

ఢిల్లీకి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. ఇక్కడి గాలిలోని సల్ఫర్ డయాక్సైడ్ తేమతో కలిసి సున్నపురాయిని జిప్సంగా మారుస్తుంది, దాని మీద మసి అట్టకడుతుంది. చలికాలపు పొగలో మన ఊపిరితిత్తుల గురించే మాట్లాడుకుంటాం. తరలింపు ఏ నెలల్లో జరగాలి, పెట్టెల్లో తేమ ఎంతుండాలి, కొత్త గ్యాలరీల గాలిని ఎలా వడపోయాలి అన్నవి భవనం రంగులకన్నా ముందు తేలాలి. ప్రతి వస్తువు ప్రస్తుత స్థితి నివేదికను తరలింపుకు ముందూ తర్వాతా అందరికీ కనిపించేలా ఆన్‌లైన్‌లో పెట్టాలని నా అభిప్రాయం.

ఇంకో చిన్న కోరిక. నాగార్జునకొండ శిల్పం పక్కన చెక్కని పల్నాడు బండ ఒకటి పెట్టి, పిల్లలను చేత్తో తడిమి చూడనివ్వాలి. పైన సూక్ష్మదర్శినిలో కనిపించే దాని బొమ్మ ఉండాలి. బండ సంగతి మా మేనల్లుడితో అంటే, కావాలంటే లారీ కిరాయి తనే పెట్టుకుంటానన్నాడు.