ఐసు లేని ఐసుపుల్లలు

ఐసు తినకుండానే ఐసుపుల్లలు కొనుక్కునే కాలం వచ్చింది. మా వీధి చివర స్టేషనరీ షాపులో ఏప్రిల్ రాగానే ఆ ప్యాకెట్లు తోరణాల్లా వేలాడతాయి. పక్కనే పేపర్ ప్లేట్లు, అటూఇటూ కదిలే ప్లాస్టిక్ కళ్ళు, గ్లిట్టర్ సీసాలు. కొనేవాళ్ళు దాదాపు అందరూ అమ్మలే. వాళ్ళ మొహాల్లో పండగ సామాను కొంటున్న సంబరం కనపడదు, పరీక్ష ఫీజుకు ఆఖరి తేదీ గుర్తొచ్చినవాళ్ళ కంగారు కనపడుతుంది.

ఆ కంగారు వెనక ఒక నమ్మకం ఉంది. సెలవుల్లో మూడేళ్ళ నుంచి ఆరేళ్ళ పిల్లల్ని ఖాళీగా వదలకూడదట. రోజుకో క్రాఫ్టు చేయించాలి, ఇంటినే సమ్మర్ క్యాంపుగా మార్చాలి, లేకపోతే వేళ్ళకు పనితనం రాదు, ఊహ ఎండిపోతుంది, పిల్లలు ఫోనుకు అంటుకుపోతారు. గురువారం ఆక్టోపస్‌కీ, శుక్రవారం సీతాకోకచిలుకకీ సామాను ముందే సర్దిపెట్టుకున్న తల్లే మంచి తల్లి. ఇదంతా తప్పని నా వాదన. రెండు వేసవులు ఈ వ్రతాన్ని నిష్ఠగా చేశాకే అంటున్నాను.

మొదటి వేసవికి మావాడికి నాలుగున్నరేళ్ళు. ఫ్రిజ్జు మీద టైమ్ టేబుల్ అంటించాను. సోమవారం సింహం. ప్లేటు నేనే కత్తిరించాను, జూలు కోసం పసుపురంగు ఉన్ని నేనే ముక్కలు చేశాను, ఫెవికాల్ కూడా నేనే రాశాను. వాడి వంతు ఆ ముక్కలు అంటించడం. నాలుగంటించి, కళ్ళు రెండూ ఒకే పక్కన పెట్టి, "సింహం పక్కకి చూస్తోంది" అన్నాడు. ఇంకాసేపటికి మొహం నిండా నల్లరంగు పులిమేశాడు. సింహం పడుకుందట, లైటు తీసేశారట. నాకది సింహంలా కనపడలేదు. ఫోనులో చూసిన సింహంలా లేదన్నమాట. మధ్యాహ్నం వాడు నిద్రపోగానే ఇంకో ప్లేటు తీసి, ముచ్చటైన సింహాన్ని చేసి, ఫోటో తీసి స్టేటస్‌లో పెట్టాను. సాయంత్రం వీడియో కాల్‌లో మా అమ్మ "ఎంత బాగా చేశావురా కన్నా!" అని మురిసిపోతే, "నేను కాదమ్మమ్మా, అమ్మ చేసింది" అనేసి ఆడుకోడానికి పోయాడు.

వాడన్నది అక్షరాలా నిజం. ఎలా ఉండాలో ముందే తేలిపోయిన బొమ్మలో పిల్లవాడికి మిగిలేది గుమాస్తా పని. ఇక్కడ అంటించు, అక్కడ రంగు వెయ్యి, గీత దాటకు. సొంత ఆలోచన వచ్చిన చోటే, అంటే సింహానికి లైటు తీసేసిన చోటే, మనకు పని చెడిపోయినట్టు అనిపిస్తుంది. దీన్ని సృజన అని పిలవడం ఆ మాటకు అన్యాయం.

చేత్తో చేసే పనులంటే నాకు పడదనుకోకండి. 1978లో అరవింద్ గుప్తా అనే ఐఐటీ ఇంజనీరు మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాకు వెళ్ళి, పల్లెబడుల సైన్సు కార్యక్రమంలో పనిచేశాడు. అక్కడ ఆయన వాడిన సామాను అగ్గిపుల్లలు, సైకిలు వాల్వ్ ట్యూబు ముక్కలు. రబ్బరు ముక్కలో చెరోపక్క నుంచీ పుల్ల దూర్చితే కీలు తయారు. నాలుగు పుల్లలతో చదరం కట్టి వేలితో నొక్కితే అది పక్కకు ఒరిగిపోతుంది. మూడు పుల్లల త్రిభుజం మాత్రం ఎంత నొక్కినా కదలదు. వంతెనల్లో, ఇంటి దూలాల్లో త్రిభుజాలెందుకు ఉంటాయో మాస్టారు చెప్పకముందే వేలికి తెలిసిపోతుంది. ఆ పిల్లలు కాస్త పెద్దవాళ్ళే, కాదనను. కానీ తేడా వయసుది కాదు. త్రిభుజం పిల్లవాడికి జవాబు చెబుతుంది. పేపర్ ప్లేటు సింహం ఏం చెబుతుంది? బాగుందో లేదో అమ్మ మొహం చూసి తెలుసుకోవాల్సిందే.

అమ్మ మొహం, ఆపైన స్టార్లు. మా టైమ్ టేబుల్‌లో బంగారురంగు స్టిక్కర్ల వరస కూడా ఉండేది. 1973లో అచ్చయిన ఒక ప్రయోగం గురించి చాలా ఆలస్యంగా చదివాను. మార్క్ లెపర్, మరో ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ నర్సరీ బడిలో, స్కెచ్ పెన్నులతో బొమ్మలేయడమంటే ఇష్టమున్న పిల్లల్ని తీసుకున్నారు. కొందరికి బొమ్మ వేస్తే రిబ్బనుతో సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పారు, ఇచ్చారు. ఒకటి రెండు వారాలయ్యాక అవే పెన్నులు ఊరికే బల్లమీద పెట్టి చూస్తే, సర్టిఫికెట్ ఆశతో వేసినవాళ్ళు మిగతావాళ్ళు గడిపిన సమయంలో దాదాపు సగమే వాటితో గడిపారు. మావాడూ స్టిక్కర్లు అయిపోయిన రోజు నుంచి రంగుల డబ్బా మూత తీయలేదు.

అసలు సమ్మర్ క్యాంపు మొదలైందే ఇల్లు వదిలి వెళ్ళడానికి. అమెరికాలో తొలి సమ్మర్ క్యాంపుగా చాలామంది చెప్పుకునేది 1861 నాటిది. కనెక్టికట్‌లో బడి నడిపే ఫ్రెడరిక్ గన్ తన విద్యార్థుల్ని నడిపించుకుంటూ సముద్రపు ఒడ్డుకు తీసుకెళ్ళి, గుడారాల్లో సుమారు రెండు వారాలు ఉంచాడు. అందులోంచి సముద్రాన్నీ గుడారాన్నీ నడకనీ తీసేసి, మిగిలిన జిగురుసీసాని మనం హాల్లో పెట్టుకున్నాం. ఈ ఇంటి క్యాంపుకు జీతం లేని టీచరూ, చివర్లో చీపురు పట్టేదీ అమ్మే. మేలో చల్లిన గ్లిట్టరు మా ఇంట్లో దసరాకీ మెరుస్తూనే ఉంది.

ఇంట్లో క్యాంపు వద్దంటే, మరి బయట ఎండ సంగతో అంటారు. నిజమే, మే నెలలో పదకొండు దాటాక పిల్లల్ని బయటికి పంపమని ఎవరూ అనరు. వెనకటి రోజుల్లో పిల్లలు బయట తిరిగిన స్వేచ్ఛ అంతా బంగారమనీ నేననను. ప్రతి వేసవిలో చెరువుల్లో, కాలువల్లో మునిగిపోయిన పిల్లల వార్తలు పేపర్లో చదువుతూనే ఉన్నాం. ఫోను సంగతో అంటారు. ఆ ఆక్టోపస్ ఎలా చేయాలో నేర్చుకోడానికి నేను ఎంతసేపు రీల్స్ చూశానో మావాడికి తెలుసు. ఫోనుకి విరుగుడుగా తెచ్చిన క్రాఫ్టు ఫోనులోనే మొదలై, ఫోనులోనే ఫోటోగా ముగిసింది.

"బోర్ కొడుతోందమ్మా" అంటే మనకు గుండె గుభేలుమంటుంది. ఎందుకు? అరగంట ఆగితే వాడే ఏదో ఒకటి పట్టుకుంటాడు. కత్తెర, పాత పేపర్లు, కలిపిన గోధుమపిండి ముద్ద అందేచోట పెట్టి, నమూనా చూపించకుండా ఊరుకుంటే చాలు. ఊరుకోవడమే కష్టం, నా అనుభవంలో.

ఇంకొకటి, పిల్లలకు కావాల్సింది మనం చేసే పనిలో వాటా. ఇది ఆడపిల్లకు చీపురిచ్చి మగపిల్లాడికి బ్యాటిచ్చే పాత పద్ధతి కాకూడదు, అంతే.

నిరుడు మేలో మా అమ్మ వచ్చి ఆవకాయ పెట్టింది. మార్కెట్లోనే కాయలు కొట్టించుకొచ్చి, హాల్లో పాత చీర పరిచి ముక్కలు పోసింది. ఆరేళ్ళ మావాడికి ఒక పొడిగుడ్డ ఇచ్చింది. జీడి తీసెయ్యాలి, టెంక లోపలి పొరని గోటితో గీకాలి, ముక్క తుడిచి పళ్ళెంలో వెయ్యాలి. టైమ్ టేబుల్ లేదు, స్టిక్కరు లేదు. కారం కలిపేచోటికి మాత్రం రానివ్వలేదు. రెండు గంటలు కదల్లేదు వాడు. మధ్యలో లేచి నీళ్ళు తాగి, తడిచేత్తోనే వచ్చి ముక్కలు పట్టుకున్నాడు. అమ్మ గట్టిగా అరిచింది. "తడి తగిలితే బూజు పడుతుందిరా, ఏడాది పచ్చడి!" వాడు కాసేపు ఏడ్చాడు. చెయ్యి తుడుచుకున్నాడు, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. పోగైన జీడిముక్కల్ని తులసికుండీలో పాతుతానన్నాడు. కొట్టిన జీడి మొలవదని అమ్మమ్మ చెప్పింది. అయినా పాతాడు.

మూడోరోజు తిరగకలిపి, ముక్కల్ని జాడీకెత్తి పెట్టింది అమ్మ. మా ఆయన అప్పుడే చేతులు కడుక్కుని వచ్చి, రుచి చూద్దామని జాడీ మూత మీద చెయ్యి వేశాడు. మావాడు సోఫా మీంచి ఒక్క దూకు దూకి ఆ చెయ్యి పట్టేసుకున్నాడు. "నాన్నా, తడి!"