ఈ జవాబుపత్రాన్ని దిద్దేదెవరు?

కరీంనగర్, వరంగల్, నల్లగొండల నుంచి సూరత్‌కు వలసపోయిన నేతకార్మికుల్లో మొదటి తరానికి ఇంటర్వ్యూ అనే మాటతో పనిపడలేదు. తెలిసినవాళ్లు వెంటబెట్టుకుని సాంచాల (మరమగ్గాల) దగ్గరికి తీసుకెళ్లేవారు. తెగిన పోగును ఎంత చురుగ్గా ముడివేస్తాడో చూసి సేటు పనిలో పెట్టుకునేవాడు. నగరపాలిక నడిపే తెలుగు బడిలో అక్షరాలు దిద్ది, ఆపైన డిగ్రీ ముగించిన లింబాయత్, ఉధనా పేటల పిల్లల దారి వేరు. ఉద్యోగానికి దరఖాస్తు చేస్తే వాళ్ల ఫోనుకు ఒక లింకు వస్తుంది. నొక్కితే తెరమీద ప్రశ్న కనిపిస్తుంది. ఆలోచించుకోవడానికి ఓ 30 సెకన్లు, చెప్పడానికి 2 నిమిషాలు. తల ఊపేవాళ్లుండరు, ‘ఊఁ, తర్వాత?’ అని అందించేవాళ్లూ ఉండరు. తెరమీద తన ముఖాన్ని తానే చూసుకుంటూ మాట్లాడాలి. ఒకే గదిలో కాపురముండే ఇంట్లో, పక్క సందులో సాంచాలు మోగుతుండగా, ఆ 2 నిమిషాల నిశ్శబ్దం దొరకడమే గగనం.

అభ్యర్థి వీడియోలో ఎలా మెరవాలో చెప్పే పాఠాలకు కొదవలేదు. ఆ వీడియోను కంపెనీలో ఎవరు చూస్తున్నారు, ఎలా చూస్తున్నారు అన్న చర్చే లేదు. నియామకాల విభాగం ఉద్యోగి ముందు ఒక జాబితా తెరుచుకుంటుంది. పేరు నొక్కితే వీడియో, పక్కనే మాటలను అక్షరాల్లోకి మార్చిన పాఠం, కింద 1 నుంచి 5 వరకు నక్షత్రాలు. వేగం పెంచి చూడొచ్చు, మధ్యలో ఆపేయొచ్చు, మొదటి జవాబు నచ్చకపోతే మిగతావి తెరవకపోవచ్చు. మూడు నక్షత్రాలు ఎందుకిచ్చావని అడిగేవాళ్లు లేకపోతే ఆ నక్షత్రాలకు అర్థం లేదు. రికార్డింగుకున్న అసలు విలువ మళ్లీ చూడగలగడం, ఇంకొకరికి చూపించగలగడం. అది పక్కనపెట్టి త్వరగా తేల్చేయడానికే దాన్ని వాడుకుంటున్నంతకాలం, వీడియో ఇంటర్వ్యూ అంటే పాత పద్ధతిలోని అన్యాయాన్నే వేగంగా చేయడం.

ఇది కొత్తగా పుట్టిన వాదన కాదు. శ్రీనగర్ ప్రాంతీయ ఇంజనీరింగ్ కాలేజీ ప్రవేశాలపై అజయ్ హసియా కేసులో సుప్రీంకోర్టు 1980 నవంబరు 13న తీర్పు చెప్పింది. శ్రీనగర్‌లో రాతపరీక్షకు 100 మార్కులైతే ఇంటర్వ్యూకు 50. రెండు మూడు నిమిషాల్లో, తల్లిదండ్రులెవరు, ఎక్కడుంటారు వంటి ప్రశ్నలతో ముగించారన్నది పిటిషనర్ల ఫిర్యాదు. మొత్తం మార్కుల్లో ఇంటర్వ్యూకు 15 శాతం మించకూడదన్న కోర్టు, ఇంటర్వ్యూలను టేపులో రికార్డు చేయడం మంచిదని కూడా సూచించింది. ఎందుకంటే ఏం అడిగారో, ఏం చెప్పారో సాక్ష్యం మిగులుతుంది. బోర్డు ఇష్టారాజ్యానికి పగ్గం పడుతుంది. అంటే కోర్టు కోరిన టేపు ప్రశ్నించేవాడి మీద నిఘా. నాలుగు దశాబ్దాల తర్వాత కెమెరా వచ్చింది గానీ, అది అభ్యర్థివైపు మాత్రమే తిరిగింది.

మనుషులను నమ్మలేకపోతే యంత్రం దిద్దుతుందన్న ఆశ కూడా నిలబడలేదు. ఈ వ్యాపారంలో పేరున్న అమెరికా సంస్థ హైర్‌వ్యూ, విమర్శల నడుమ, ముఖకవళికల విశ్లేషణను మానేసినట్టు 2021 జనవరిలో ప్రకటించింది. అదే ఏడాది జర్మనీలో బవేరియా ప్రసార సంస్థ పాత్రికేయులు ఇలాంటి మరో సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించారు. మనిషి, మాటలు అవే. కళ్లద్దాలు పెట్టుకున్నా, వెనక పుస్తకాల అర కనిపించినా స్కోరు మారిపోయింది. లింబాయత్ గదిలో వెనక కనిపించేది పుస్తకాల అర కాదు, దండెం మీది బట్టలు. మాటలను అక్షరాలుగా మార్చే యంత్రాలదీ అదే కథ. 2020లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు అయిదు పెద్ద కంపెనీల సాంకేతికతను పరీక్షిస్తే, సగటున తెల్లవారి మాటల్లో 19 శాతం, నల్లజాతివారి మాటల్లో 35 శాతం తప్పులు దొర్లాయి. ఇంట్లో తెలుగు, వీధిలో గుజరాతీ, హిందీ మాట్లాడుతూ పెరిగిన పిల్ల ఇంగ్లీషును ఆ యంత్రం ఎలా రాసుకుంటుందో ఆ పిల్లకు ఎవరూ చూపించరు.

వేలల్లో వచ్చే దరఖాస్తులను ఇంత నిదానంగా చూడటం కుదరదని కంపెనీలంటాయి. వేలమందిని వీడియో అడగమన్నదెవరు? చిన్న రాతపరీక్షతోనో పని నమూనాతోనో ముందే వడపోసి, చూడగలిగినన్ని వీడియోలే అడగాలి. ఎదురుగా కూర్చున్న మనిషికి మాత్రం పక్షపాతం ఉండదా అన్నది ఇంకా బలమైన ప్రశ్న. ఉంటుంది. అందుకే ఒకే ప్రశ్నలు, ముందే రాసుకున్న కొలమానం కావాలి. అలాంటి ఇంటర్వ్యూలు పనితనాన్ని అంచనా కట్టడంలో ముందు వరుసలో ఉన్నాయని, దశాబ్దాల అధ్యయనాలను మళ్లీ లెక్కగట్టి మనస్తత్వ శాస్త్రవేత్త శాకెట్ బృందం 2022లో తేల్చింది. రికార్డు చేసిన ఇంటర్వ్యూలో ఇది మరీ తేలిక: ఒక ప్రశ్నకు అందరి జవాబులూ వరసగా చూసి, తర్వాతే రెండో ప్రశ్నకు వెళ్లొచ్చు, ఇద్దరు విడివిడిగా మార్కులు వేయొచ్చు. కాల్ సెంటర్ కొలువుకు ఉచ్చారణ ముఖ్యమైతే దానికి వేరే గడి పెట్టి మార్కులివ్వండి. గోదాము లెక్కలు రాసేవాడికి ఆ గడి అక్కర్లేదు. ఏఐ రాసిచ్చిన జవాబును చూసి చదివేస్తున్నారన్న అనుమానం నిజమైనదే. చివరిదాకా వచ్చినవాళ్లతో 5 నిమిషాలు నేరుగా మాట్లాడితే అది తీరిపోతుంది.

చట్టం సంగతికొస్తే, అమెరికాలో ఇల్లినాయిస్ రాష్ట్రం 2020 నుంచే, ఏఐతో వీడియోలను విశ్లేషిస్తే ముందుగా చెప్పి సమ్మతి తీసుకోవాలని, అభ్యర్థి కోరితే 30 రోజుల్లో వీడియో చెరిపేయాలని నిర్దేశించింది. మన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చినా, నిబంధనలకు 2025 నవంబరు దాకా ఆగాల్సి వచ్చింది. యంత్రం తీసుకున్న నిర్ణయానికి కారణం అడిగే హక్కు అందులో లేదు. దిద్దిన జవాబుపత్రాన్ని చూసుకునే హక్కు సమాచార హక్కు చట్టం కింద విద్యార్థికి ఉందని సుప్రీంకోర్టు 2011లో సీబీఎస్‌ఈ కేసులో చెప్పింది. ప్రైవేటు కంపెనీకి ఆ చట్టం వర్తించదు కాబట్టి వీడియో ఇచ్చినవాడికి ఆ దారి కూడా మూసుకుపోయింది. చట్టం వచ్చేదాకా కాచుకోనక్కర్లేదు. సూరత్‌లో దక్షిణ గుజరాత్ వాణిజ్య, పరిశ్రమల మండలి ఉంది. తిరస్కరణ మెయిల్‌తో పాటు ప్రశ్నవారీ మార్కులు, దిద్దింది మనిషా యంత్రమా అన్న ఒక్క ముక్క, వీడియో చెరిపేసే తేదీ పంపమని తన సభ్య కంపెనీలకు ఆ మండలి చెప్పాలి.