చెయ్యి పట్టుకుని నడిపించేవారు కావాలి



మిల్లులో ముప్పై ఏళ్లు నిలబడి పనిచేసినవాడికి ఇంట్లో కూర్చోవడం చేతకాదు. రిటైరైన మన పెద్దల్ని చూడండి. పి.ఎఫ్. డబ్బు కూతురి పెళ్లికో, పాత అప్పులకో పోతుంది. ఆ తర్వాత అరుగు మీద కూర్చుని దారిన పోయేవాళ్లను చూడటమే పని. కంటికి పొర కమ్మితే ఆ దారి కూడా కనబడదు.

మా వీధిలో కార్డింగు ఖాతాలో పనిచేసి దిగిన ఒక మామ ఉన్నాడు. రెండేళ్లుగా మనుషుల్ని గొంతును బట్టే గుర్తుపట్టేవాడు. "ఆపరేషన్ చేయించుకో మామా" అంటే, "నన్నెవరు తీసుకుపోతారు నాయనా? కొడుకు షిఫ్టు వదిలితే ఆ రోజు కూలి పోతుంది" అనేవాడు. డబ్బు లేనివారికి ఉచితంగా చేసే ఆసుపత్రి కోయంబత్తూరులోనే ఉంది. లేనిదల్లా చెయ్యి పట్టుకుని తీసుకుపోయే మనిషి. ఒక వారం సెలవు రోజున నేను తీసుకుపోయాను. కట్టు విప్పాక ఆయన నా ముఖం చూసి, "ఒరే, నీకూ తల నెరిసిందే!" అని నవ్వాడు. బోనసు చేతికందిన రోజున కూడా నాకంత సంతోషం కలగలేదు. నేను చేసింది ఒక పూట పని మాత్రమే. అయినా ఆ పూట నుండి మా రెండిళ్లూ ఒకటయ్యాయి.

ఆ అరవింద్ కంటి ఆసుపత్రిని పెట్టిన మనిషి కథ మనవాళ్లందరూ తెలుసుకోవాలి. డాక్టర్ జి. వెంకటస్వామి 1918లో ఎట్టయపురం దగ్గర వడమలాపురం అనే పల్లెలో, మనలాగే ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే రైతు కుటుంబంలో పుట్టారు. ఇసుకలో అక్షరాలు దిద్దారు. బంధువుల ఆడపిల్లలు ముగ్గురు కాన్పు సమయంలో చనిపోవడం చూసి కాన్పుల డాక్టరు కావాలనుకున్నారు. కాని సైన్యంలో పనిచేస్తుండగా కీళ్లవాతం పట్టి వేళ్లు వంకర్లు పోయాయి. ఆయన చేతులు ముడుచుకుని కూర్చోలేదు. కంటి వైద్యం నేర్చుకున్నారు. ఆ వంకర వేళ్లకు సరిపడే పనిముట్లు తయారు చేయించుకుని లక్షకు పైగా కంటి ఆపరేషన్లు చేశారు.

1976లో, 58వ ఏట, మధురైలో ప్రభుత్వ ఉద్యోగం నుండి రిటైరయ్యారు. మనలో చాలామంది ఇక అయిపోయిందనుకునే వయసు అది. ఆయన అప్పుడు తోబుట్టువులను కూడగట్టుకుని 11 పడకలతో ఆసుపత్రి మొదలుపెట్టారు. ఇవ్వగలిగినవారు ఇచ్చిన డబ్బుతోనే ఇవ్వలేనివారికీ చూపు వచ్చేటట్లు ఏర్పాటు చేశారు. అక్కడ ఒక డాక్టరుకు రెండు బల్లలు. ఒక బల్ల మీద ఆపరేషన్ జరుగుతుండగా పక్క బల్ల మీద తరువాతి మనిషిని నర్సులు సిద్ధం చేస్తారు. రెండు సైడ్లు చూసే మనకు ఈ పద్ధతి కొత్త కాదు. మన చేతి వేగం నూలుగా మారి గోడౌనుకు పోతుంది, అక్కడి వేగం చూపుగా మారి పేదవాడి ఇంటికి పోతుంది. దిగుమతి లెన్సులు పేదలకు అందనంత ఖరీదైనవని 1992లో అరోల్యాబ్ పెట్టి లెన్సులు ఇక్కడే చవకగా తయారు చేయించారు. డాక్టర్ గారు 2006లో కన్నుమూశారు. ఆయన మొదలుపెట్టిన పని 2019లో తిరుపతి దాకా చేరింది.

కొందరు సోదరులు అడగవచ్చు: "సేవ, సేవ అంటూ కూలి మాట మరిపించడానికా ఇది?" అడగవలసిన ప్రశ్నే. సేవ పేరు చెప్పి కూలి ఎగ్గొట్టేవాళ్లను మనం చూడకపోలేదు. సేవాసంస్థలో పనిచేసే నర్సుకైనా, ఆయాకైనా న్యాయమైన జీతం, పనిగంటలు ఉండి తీరాలి. హక్కు ఒకరు పెట్టే భిక్ష కాదు. కాని సంఘమంటే ఏమిటి? తనకొక్కడికే కాక పక్కవాడికి కూడా అని నిలబడటమే కదా! 1946 జనవరి 8న కోయంబత్తూరు జైలులో ఉరికంబమెక్కిన నలుగురు చిన్నియంపాళయం కార్మికులు తమ ఒక్కరి కూలి కోసం ప్రాణాలివ్వలేదు. సమ్మె రోజున ఒకరి కోసం ఒకరు ఆకలికి ఓర్చుకునే మనం, మామూలు రోజున పక్కింటి ముసలాయన చెయ్యి పట్టుకోలేమా?

ఇప్పుడు ఆ అవసరం మరీ ఎక్కువైంది. ఎన్నో పాత మిల్లులు మూతబడ్డాయి. గేటు దగ్గర టీ తాగుతూ కష్టసుఖాలు చెప్పుకునే చోటు పోయింది. మిల్లు కలిపిన మనుషుల్ని ఇక మనమే కలపాలి.

నా మనవి మూడే మాటలు. ఒకటి, ప్రతి వీధిలో ఒంటరిగా ఉన్న రిటైరైన కార్మికుల, చనిపోయిన కార్మికుల భార్యల పేర్లు రాసుకుందాం. రెండు, వంతులవారీగా నెలకు ఒక్క పూట, ఆసుపత్రికో, పెన్షన్ ఆఫీసుకో, బ్యాంకుకో వారికి తోడు పోదాం. మూడు, మన సంఘం తరఫున ఒక కంటి శిబిరం పెట్టిద్దాం. డాక్టర్లను ఆసుపత్రి పంపుతుంది. చోటు చూడటం, ఇంటింటికీ చెప్పడం, జనాన్ని చేర్చడం మన పని. ఈ పనులు మనకంటే బాగా తెలిసినవారెవరు?

డబ్బున్నవారు డబ్బిస్తారు. పీళమేడులో పి.ఎస్.జి. కుటుంబపు అన్నదమ్ములు నలుగురు 1926లో ఆస్తిని అయిదు భాగాలు చేసి అయిదోది ధర్మానికి వదిలారు. మన దగ్గర పంచుకోవడానికి ఆస్తి లేదు. వారానికొక సెలవు రోజు ఉంది, తెగిన పోగు అతికించే చేతులున్నాయి.

వచ్చే సర్వసభ్య సమావేశంలో దీన్ని చర్చకు పెట్టాలని కోరుతున్నాను. పేరు ఇచ్చేవారి పట్టీలో మొదటి పేరు నాదే రాసుకోండి.

— ఒక రింగు ఫ్రేము కార్మికుడు