డిస్కు కనబడనప్పుడు

షష్టిపూర్తి వీడియో కూర్చుతూవుంటే బయటి హార్డు డిస్కు కనబడడం మానివేసిందని హోసూరు సోదరి ఒకరు వ్రాశారు. వారి తాతగారి మాటలు అందులో తప్ప మరెక్కడా లేవట.

అమ్మా, ముందొక మాట. “ఫార్మాట్ చేయమంటారా?” అని కంప్యూటరు అడిగితే ఒప్పుకోవద్దు. తాతగారి గొంతు మళ్ళీ రాబట్టడం బ్రహ్మప్రళయం అవుతుంది.

లోపం సాఫ్ట్‌వేరుదో డిస్కుదో మొదట తేల్చుకోవలెను. సాఫ్ట్‌వేరు మూసి, కంప్యూటరు ఫైళ్ళ జాబితాలో చూడండి. అక్కడా లేకపోతే తీగ మార్చండి. ఛార్జింగుకు మాత్రమే పనికివచ్చే తీగలు మన యిళ్ళలో దండిగా ఉన్నవి. హబ్బు తీసి నేరుగా తగిలించండి. యు.ఎస్.బి. 2.0 పోర్టు మామూలుగా 500 మిల్లీ ఆంపియర్లే ఇస్తుంది, 3.0 అయితే 900. డిస్కు టిక్కుటిక్కుమంటే మాత్రం వెంటనే ఆపి, పని తెలిసినవారికి చూపండి.

జాబితాలో కనబడితే సగం బెంగ తీరినట్లే. తాతగారి ఫైళ్ళను ముందు మరొకచోటికి ఎత్తుకోండి. విండోసులో డిస్కు అక్షరం ‘ఇ’ పోయి ‘ఎఫ్’ అయివుండవచ్చు. ప్రీమియరులో ‘లింక్ మీడియా’ నొక్కి కొత్త చోటు చూపితే చాలును. మాక్‌లో 2019 నాటి కాటలీనా మొదలు బయటి డిస్కులకు అనుమతి కావలెను, సెట్టింగులలో ఇవ్వండి. ఎన్.టి.ఎఫ్.ఎస్. డిస్కును మాక్ చదువుతుందే గాని దానిమీద వ్రాయదు. తయారైన వీడియోను కంప్యూటరులోనే దాచండి.