పోసేవాళ్లే గానీ పీకేవాళ్లేరి?

నౌపడ ఉప్పు మళ్ల మధ్య దారుల్లో సైకిలు తొక్కేవాళ్లకు సర్కారు తుమ్మ ముల్లు గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. పచ్చిగా ఉన్నప్పుడు ఎలా ఉన్నా, ఎండి రాలిందంటే మేకుతో సమానం. టెక్కలి వైపు తిరిగితే గ్రానైటు లారీల నుంచి జారిన రాతి పెచ్చులు. మూలపేట వైపు పోతే, 2023 ఏప్రిల్‌లో పోర్టుకు శంకుస్థాపన జరిగాక పెరిగిన బరువు బండ్లు, అవి రోడ్డు మీద వదిలే ఇనుప ముక్కలు. ఇలాంటి చోట ట్యూబ్‌లెస్ టైరు, అందులో పంచరును తనంతట తానే పూడ్చే సీలెంట్ ద్రవం అంటే ఎవరికైనా ప్రాణం లేచొస్తుంది. ఒకసారి పోయించుకుంటే పంచరు బెడద తీరిపోయినట్టే అంటారు అమ్మేవాళ్లు. కొన్నాళ్ల వరకు ఆ మాట నిజమే. ఆ తర్వాత సంగతి టైరు విప్పినవాడికి తెలుస్తుంది.

కొండదారుల సైకిళ్లకు ట్యూబు లేని చక్రం మరీ పాత విషయమేం కాదు. 1999లో ఫ్రాన్సుకు చెందిన మావిక్, మిషెలిన్, హచిన్‌సన్ కంపెనీలు కలిసి యూఎస్‌టీ పేరుతో ఆ పద్ధతిని తెచ్చాయి. ఆ తర్వాత అమెరికాలో స్టాన్స్ నోట్యూబ్స్ లాంటి కంపెనీలు తెల్లని ద్రవాన్ని సీసాల్లో అమ్మి, మామూలు టైర్లను కూడా ట్యూబ్ లేకుండా నడిపించాయి. ఆ ద్రవంలో ముఖ్యమైన సరుకు రబ్బరు పాలు. కేరళలో చెట్టుకు గాటు పెడితే చిప్పలోకి కారేవి అవే. గడ్డకట్టకుండా ఉండటానికి చాలా రకాల్లో అమ్మోనియా కలుపుతారు, మూత తీయగానే ముక్కు అదిరేది అందుకే. ముల్లు దిగినప్పుడు లోపలి గాలి ఆ పాలను రంధ్రంలోకి తోస్తుంది, అక్కడ అవి పేరుకుని బిరడాలా బిగుసుకుంటాయి. అంతవరకు గొప్ప ఉపాయమే.

చిక్కల్లా ఏమిటంటే, రంధ్రం పడినా పడకపోయినా ఆ ద్రవం ఆరిపోతూనే ఉంటుంది. మడిలో నీరు ఆవిరై ఉప్పు మిగిలినట్టు, టైరులో నీరు పోయి రబ్బరు మిగులుతుంది. నౌపడలో ఉప్పు పండించే ఎండే ఈ పనీ చేస్తుంది. చల్లటి దేశాల లెక్కతో సీసా మీద ఆరు నెలలని రాసి ఉన్నా, ఇక్కడి వేసవిలో మూడు నెలలకే టైరు ఊపి చూసుకోవడం మంచిది. లోపల ద్రవం కదిలిన చప్పుడు రాలేదంటే ఆరిపోయినట్టు. ఉప్పుకూ దీనికీ తేడా ఒక్కటే. ఉప్పు మళ్లీ నీళ్లలో కరుగుతుంది, గడ్డకట్టిన రబ్బరు కరగదు.

అందుకే చిక్కబడిన సీలెంట్‌లో నాలుగు చుక్కల బోరు నీళ్లు కలిపి పలచన చేద్దామనుకోవడం పొరపాటు. లవణాలు రబ్బరు పాలను గడ్డకట్టిస్తాయి. చేతి తొడుగులు తయారుచేసే ఫ్యాక్టరీల్లో అచ్చులను ముందుగా కాల్షియం నైట్రేట్ ద్రావణంలో ముంచేది ఈ గుణం కోసమే. సముద్రం పక్కన ఉప్పదనం ఉన్న నీళ్లు పోస్తే ద్రవం పలచబడటం అటుంచి, ముద్దలు ముద్దలుగా విరిగిపోయే ప్రమాదం ఎక్కువ.

ఇక మోటారు సైకిళ్లు, స్కూటర్లలో పోసే ఆకుపచ్చ, నీలి రంగు జెల్ సంగతి వేరు. వాటిలో చాలావరకు గ్లైకాల్, పీచు ఉంటాయి. తడిగా ఉండగా నీళ్లతో కడిగితే పోతాయి. రబ్బరు పాలతో చేసినవి ఆరాక అలా పోవు. రెండింటినీ కలపడం అన్నిటికంటే చెడ్డది. కానీ సీసా మీద పేరు చూడకుండా పాతదాని మీదే కొత్తది పోసేసే అలవాటు మనకు బాగా ఉంది.

ఇక టైరులో ఆరిపోయిన రబ్బరు పాల సీలెంట్‌ను పీకడం ఎలాగో చూద్దాం. టైరు విప్పగానే అడుగున కాస్త తడి మిగిలి ఉంటే గుడ్డతో తుడిచి, తిరగేసి ఒక రోజు నీడలో పూర్తిగా ఆరనివ్వాలి. సగం ఆరినది జిగురులా వేళ్లకు అంటుకుని ప్రాణం తీస్తుంది. బాగా ఆరినదే పొరగా లేస్తుంది. బీడు (టైరు రిమ్ముకు ఆనుకునే అంచు) దగ్గర పొర కొసను బొటనవేలితో రుద్దుతూ ఉంటే మొదట చిన్న చిన్న ఉండలు కడుతుంది. ఆ ఉండను పట్టుకుని మెల్లగా, పక్కకు లాగాలి, పైకి కాదు. అదృష్టం బాగుంటే జానెడు పొర ఒక్కసారిగా ఊడి వస్తుంది, లేకపోతే గోళ్లు అరిగే పనే. మొండికేసిన చోట సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్లలో రాత్రంతా నానబెట్టి, గట్టి నైలాన్ బ్రష్షుతో రుద్దితే పట్టు సడలుతుంది. వాల్వు లోపలి పిన్ను విప్పి చూస్తే అందులోనూ తెల్లటి మొలక కనిపిస్తుంది. గాలి ఎక్కడం లేదని పంపును తిట్టేవాళ్లు ముందు అది తీయాలి.

ఇనుప బ్రష్షు, పెట్రోలు, కిరసనాయిలు, థిన్నర్ జోలికి పోవద్దు. పెట్రోలు లాంటివి ఎండిన పొరను ఉబ్బించి వదులు చేసే మాట నిజమే, కానీ టైరు కూడా రబ్బరే కదా. దాన్నీ ఉబ్బిస్తాయి. ఇనుప బ్రష్షు లోపలి దారాలను బయటపెడుతుంది. మండే ద్రవాన్ని మూసుకున్న గదిలో, గాలి మిషను పక్కన పెట్టుకుని వాడటం మరో తెలివితక్కువతనం.

మొత్తం పొర పోయి టైరు లోపల అద్దంలా మెరిసేదాకా గీకాలా? అక్కర్లేదు. పలచగా, సమంగా అంటుకున్న పొర వల్ల నష్టమేమీ లేదు. దాని కోసం పూట పాడుచేసుకోవడం దండగ. ముద్దలు తీయాలి, ఎందుకంటే ఒకపక్క బరువెక్కిన చక్రం వేగంలో ఎగురుతుంది. రిమ్ముకు ఆనుకునే అంచు శుభ్రం చేయాలి, లేకపోతే గాలి నిలవదు. అన్నిటికన్నా ముఖ్యం, లోపలి నుంచి ప్యాచ్ వేయాల్సిన చోట ఒక్క పొర కూడా మిగలకూడదు. ఎండిన సీలెంట్ మీద ప్యాచ్ సొల్యూషన్ పట్టదు. పంచరు షాపుల్లో లిక్విడ్ పోసిన టైరు అనగానే మొహం తిప్పుకునేది బద్ధకంతో కాదు. పది నిమిషాల పని గంట పడుతుంది, చెయ్యంతా జిగురు, డబ్బులు మాత్రం పంచరు రేటే.

ఇక్కడే మన లెక్క సరిచేసుకోవాలి. సీసాకు వందలు పెట్టేవాళ్లు దాన్ని పీకే కూలికి బేరమాడతారు. శుభ్రం చేయడం వేరే పని, దానికి వేరే రేటు బోర్డు మీద రాసి ఉండాలి, బండివాళ్లు ఇవ్వాలి. ఎందుకంటే సీలెంట్ పోసిన టైరు లోపలికి మనిషి కన్ను పడేది ఆ ఒక్కసారే. గాలి తగ్గలేదు కదా అని నిశ్చింతగా తిరిగిన టైరును లోపల వేలితో తడిమితే తుమ్మ ముల్లు కొనలు గుచ్చుకుంటాయి. కోసుకుపోయిన దారాలూ కనిపిస్తాయి. సీలెంట్ రంధ్రాన్ని మూస్తుంది, గాయాన్ని బాగుచేయదు. చూడకుండా కొత్త ద్రవం పోసుకుంటూ పోతే ఆ గాయం ఏదో ఒక రోజు ఘాట్ రోడ్డు దిగేటప్పుడు బయటపడుతుంది. పోసిన తేదీని మార్కరుతో రిమ్ము మీద రాసేందుకు ఖర్చేమీ లేదు, అదీ చేయడం లేదు.

తీసిన పొరలను ఏం చేయాలనేది చిన్న విషయంలా కనిపిస్తుంది. భోగి మంటల్లో టైర్లు వేయొద్దని ఏటా చెప్పించుకునే ఊళ్లలో ఇవి కూడా మంటలోకే పోతాయి, లేదా కాలువలోకి. కాలువలో వేసే ముందు ఒకటి గుర్తుంచుకోవాలి: తేలినీలాపురం వచ్చే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు మేతకు వాలేది నౌపడ చుట్టూ ఉన్న తంపర (చిత్తడి) భూముల్లోనే. షాపులో ఒక గోనె సంచి పెట్టుకుని, ఈ పొరలను అందులో వేసి, పాత టైర్లు కొనేవాడికి వాటితోపాటు ఇచ్చేయొచ్చు.

సైకిళ్ల వాళ్లు గుప్పెడుమందే అనుకుని దీన్ని తీసిపారేయడానికి లేదు. 2020 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర నిబంధన ప్రకారం, ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి పీడనం చూపే ఏర్పాటు, రిపేరు కిట్ ఉంటే 3.5 టన్నులకు మించని ప్రయాణికుల వాహనంలో స్టెప్నీ ఉండాల్సిన పని లేదు. ఆ కిట్‌లో ఉండేది సీలెంట్ సీసాయే. దానికీ గడువు తేదీ ఉంటుంది, వాడాక టైరు విప్పి కడిగించాలి, అప్పటిదాకా వేగం తగ్గించి నడపాలి. ఈ మూడు మాటలూ సీసా మీద సన్నటి ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి. పంచరు షాపుల్లో చదివేది, బండ్లు నడిపేవాళ్లలో ఎక్కువమంది చదివేది తెలుగు. ఇక్కడ అమ్ముకునే కంపెనీలు ఆ మూడు ముక్కలూ తెలుగులో, కంటికి ఆనే సైజులో అచ్చు వేయాలని రవాణా శాఖ అడగాలి. అంతవరకు కారున్నవాళ్లు ఈ ఆదివారం డిక్కీ తెరిచి, ఆ సీసా గడువు ఎప్పుడో ఒకసారి చూసుకోవచ్చు.